పులికాట్ పండుగప్ప



నెల్లూరు పేరెత్తగానే చేపల పులుసు మాటొస్తుంది. మామిడికాయ ముక్కలు వేసి, రాత్రి దించి, పొద్దున తినే పులుసు. దాని గురించి ఇప్పటికే చాలామంది చెప్పారు, మిగిలింది హోటళ్ళ బోర్డులు చెబుతున్నాయి. ఈ పూట నేను పొయ్యి దాకా రాను, నీళ్ళ దగ్గరే ఆగిపోతాను. ఒక్క చేప, ఒక్క సరస్సు. చేప పండుగప్ప, సరస్సు పులికాట్.

పండుగప్పను ప్రాణంతో చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. వెండి పొలుసు, పెద్ద నోరు. కింది దవడ పై దవడను మించి ముందుకొచ్చి ఉంటుంది. వీపు మీద గట్టి ముళ్ళు, గుండ్రటి తోక. మొప్పల మీద ఉండే రేకు అంచు ఎంత పదునంటే, తెలియక అక్కడ చెయ్యి పెడితే రక్తం చూడాల్సిందే. బాగా ముదిరితే మనిషంత పొడవు పెరుగుతుంది, 60 కిలోల దాకా తూగుతుంది. అంతంత చేపలు ఇప్పుడు మన వలల్లో పడటం లేదనుకోండి.

దీన్ని గుర్తుపట్టడానికి ఇంకో దారుంది. చీకట్లో టార్చి వేస్తే దాని కన్ను ఎర్రగా మెరుస్తుంది. కంటి లోపల వెనుకవైపు వెలుతురును తిప్పికొట్టే పొర ఉండటమే కారణం. ఉన్న కాస్త వెలుతురునూ ఆ పొర రెండోసారి వాడుకునేట్టు చేస్తుంది. అందుకే మసక వెలుతురులో, బురద నీళ్ళలో, వెన్నెల రాత్రుల్లో రొయ్యకు పండుగప్ప కనిపించదు గానీ పండుగప్పకు రొయ్య కనిపిస్తుంది. సాయంత్రం పొద్దు వాలాకనే గాలం వెయ్యమని మన తీరంలో పెద్దలు చెప్పేది ఇందుకే.

సరిగ్గా ఇలాంటి కన్నే ఉన్న చేప ఇంకొకటి అమెరికాలో, కెనడాలో ఉంది. దాని పేరు వాలై. అది మంచినీటి చేప. పెద్ద పెద్ద సరస్సుల్లో ఉంటుంది. మిన్నెసోటా రాష్ట్రం 1965లో దాన్ని తమ రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. క్లీవ్‌ల్యాండ్ అంటే మనకు త్యాగరాజ ఆరాధనోత్సవాలు గుర్తుకొస్తాయి గదా, ఆ ఊరు ఈరీ అనే మహా సరస్సు ఒడ్డున ఉంది. ఆ సరస్సుకు వాలై చేపల రాజధాని అని పేరు. మా బంధువుల అబ్బాయి ఒకడు అక్కడే ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే చాలు పడవెక్కుతాడు. వాడు ఫోన్లో చెప్పే కబుర్లన్నీ చేపలవే. వాటిలో నన్ను పట్టి లాగింది మాత్రం చేప గురించి కాదు. "మామయ్యా, ఇక్కడ చేపతోబాటు టేపు కూడా పట్టుకెళ్ళాలి" అన్నాడు.

వాడు చెప్పింది ఇది. ఒహాయో వైపు ఈరీలో గాలం వెయ్యాలంటే ముందు లైసెన్సు కొనాలి. రోజుకు మనిషికి ఆరు వాలైలే. పదిహేను అంగుళాలకు తక్కువున్న చేపను నీళ్ళలోనే వదిలెయ్యాలి. కొలవకుండా బుట్టలో వేసుకుంటే జరిమానా. మిన్నెసోటాలో ఇంకో రకం షరతు: ఇరవై అంగుళాలు దాటిన వాలై ఒక్కటి మించి ఇంటికి తీసుకుపోకూడదు. చిన్నవి వదిలెయ్యమనడం ఎవరికైనా అర్థమవుతుంది. పెద్దవి వదిలెయ్యమనడమేమిటి? గాలం వేసేది పెద్ద చేప కోసం కాదూ?

ఈ ప్రశ్నకు జవాబు మన పండుగప్ప దగ్గర ఇంకా గట్టిగా దొరుకుతుంది.

పండుగప్ప మగదిగా పెరుగుతుంది. రెండు, రెండున్నర కిలోలు వచ్చేసరికి మగచేపగా పక్వానికి వస్తుంది, జతకడుతుంది. ఇంకో రెండేళ్ళు, మూడేళ్ళు బతికి నాలుగైదు కిలోలు దాటిందా, ఆడదిగా మారిపోతుంది. అదే చేప, అదే ఒళ్ళు, ఇప్పుడు గుడ్లు పెడుతుంది. బాగా పెద్ద తల్లిచేప ఒక్క కాన్పులో పెట్టే గుడ్లు కోటి దాటగలవు. అంటే, పులికాట్‌లో ఎవరైనా ఎనిమిది కిలోల పండుగప్పను పట్టి, భుజాన వేసుకుని ఫోటో దిగి, ఊరంతా చూపించుకున్నారంటే, వాళ్ళు పట్టింది దాదాపు ఖాయంగా తల్లిని. కిలో, కిలోన్నర పిల్లల్ని పట్టుకున్నవాడు మగదాన్ని పట్టాడు, అది తల్లి అయ్యే దాకా ఆగలేదు. రెండు వైపుల నుంచీ ఒకే వంశం తరుగుతుంది.

వాలైకి ఈ లింగమార్పిడి లేదు. కానీ అందులోనూ బాగా పెద్దవి ఆడచేపలే. అందుకే అక్కడ పెద్దదాన్ని కాపాడే షరతు పెట్టారు. ఆస్ట్రేలియావాళ్ళకైతే మన పండుగప్పే ఉంది, అక్కడ దాన్ని బారమండి అంటారు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 58 సెంటీమీటర్లకు తక్కువున్నదీ, 120 సెంటీమీటర్లకు మించినదీ పట్టకూడదు. మధ్యదే మనది. తూర్పు తీరంలో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా, గుడ్లు పెట్టే కాలం గనక, అసలు పట్టడమే నిషేధం.

ఇక మన సరస్సు సంగతి. పులికాట్ మంచినీటి సరస్సు కాదు. అలాగని ఏడాది పొడుగునా ఉప్పునీటిదీ కాదు. దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అని పుస్తకాల్లో రాస్తారు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలు పడి కాళంగి, ఆరణి నదులు పొంగినప్పుడు మాత్రం సూళ్ళూరుపేట వైపు నీళ్ళు నోట్లో వేసుకుంటే ఉప్పన్నదే తెలియదు. అదే నీళ్ళు మే నెలలో సముద్రాన్ని మించిన ఉప్పవుతాయి. ఉత్తరపు కొస చాలామటుకు ఎండి నెర్రెలు విచ్చుతుంది. ఒక కొస నుంచి ఇంకో కొసకు సుమారు 60 కిలోమీటర్లు. లోతు మాత్రం చాలాచోట్ల మనిషి నడుము దాటదు. నీటి విస్తీర్ణం ఎంత అంటే, ఏ నెలలో అడుగుతున్నారు అని ఎదురు ప్రశ్న వెయ్యాలి.

సరస్సులో ఎక్కువ భాగం మన ఆంధ్రలో ఉంది, దక్షిణపు కొస తమిళనాడులో. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారినప్పుడు సూళ్ళూరుపేట, తడ మండలాలు తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. కాగితం మీద సరే, మా నోట మాత్రం అది ఇప్పటికీ నెల్లూరు తీరమే.

పండుగప్పకు ఈ సరస్సు ఎందుకు కావాలో చెప్పాలి. అది గుడ్లు పెట్టేది ఉప్పు నీళ్ళలో, సరస్సు సముద్రంలో కలిసే మొగల దగ్గర, అమావాస్య పౌర్ణమి పోట్ల మీద. గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చాక పోటు నీళ్ళతో సరస్సులోకి, ఉప్పుటేర్లలోకి, మడ అడవుల్లోకి కొట్టుకొస్తుంది. అక్కడ నీళ్ళు లోతు తక్కువ, తిండి ఎక్కువ. ఇంకా ముందుకు మంచినీళ్ళ వైపు ఈదుతుంది, నదుల్లోకి ఎక్కుతుంది. పెన్నలోనూ ఒకప్పుడు అలాగే ఎక్కేదనుకోవాలి. నెల్లూరు దగ్గర ఆనకట్ట 19వ శతాబ్దంలోనే కట్టారు, దాన్ని దాటి చేప పైకి పోలేదు గదా. మంచినీళ్ళలో పెరిగి పెద్దదైన చేప మళ్ళీ ఉప్పు నీళ్ళకు దిగితేనే సంతానం. దాని బతుకంతా ఒక తలుపు గుండా రావడం, పోవడం. ఆ తలుపు తెరిచి ఉండాలి.

పులికాట్‌కు అలాంటి తలుపులు మూడు. తమిళనాడు వైపు పళవేర్కాడు మొగ ఒకటి. మన వైపు రాయదొరువు, తూపిలిపాళెం. మన రెండూ ఇసుక మేటలు వేసి ఏడాదిలో చాలా నెలలు మూసుకునే ఉంటున్నాయి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వేసిన రోడ్డు కట్ట వల్ల నీటి నడక మారిందని మత్స్యకారులు ఏళ్ళుగా చెబుతున్నారు. పూడిక తీస్తామని ప్రభుత్వాలు చెప్పడమూ ఏళ్ళుగా వింటున్నాం. ఫ్లెమింగోలకు లోతు లేని నీళ్ళు నచ్చుతాయి, వాటి పేరు మీద 2001 నుంచి సూళ్ళూరుపేటలో పండగ జరుగుతోంది. పక్షుల పండగ చెయ్యడం మంచిదే. మొగ పూడితే ఆ పక్షులు తినే జీవరాశి కూడా ఎంతకాలం ఉంటుందో పండగలో ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు ఒక్కసారి చెబితే బాగుంటుంది.

గాలం పద్ధతి చెప్పకుండా పండుగప్ప గురించి మాట్లాడితే వేటగాళ్ళు నన్ను క్షమించరు. భీములవారిపాళెం నుంచి ఇరకం దీవికి పోయే దారిలోగానీ, ఉప్పుటేరు మలుపుల్లోగానీ చూడండి, చేప నడిమధ్య తిరగదు. వంతెన గుంజ, మునిగిన చెట్టు మోడు, మడ వేళ్ళు, రాళ్ళ గుట్ట, ఏదో ఒక దాని నీడలో కదలకుండా ఉంటుంది. పోటు తిరిగి నీళ్ళు లాగడం మొదలైనప్పుడు చిన్న చేపలు, రొయ్యలు ఆ లాగుడుకు కొట్టుకొస్తాయి. అప్పుడు నోరు ఒక్కసారి తెరుస్తుంది, నీళ్ళతో సహా ఎర లోపలికి పోతుంది. పైకి టప్పుమని చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్నవాడు ఇంటికి త్వరగా పోడు.

ఎర బతికి ఉండాలి. రొయ్యనైతే నెత్తి మీది కొమ్ము దగ్గర, లోపలి నల్ల మచ్చకు తగలకుండా గాలానికి గుచ్చాలి. ఆ మచ్చకు తగిలితే రొయ్య అప్పుడే చస్తుంది. చిన్న చేపనైతే వీపు తోలు కింద. దారం చివర మందపాటి ముక్క ముడి వెయ్యాలి, లేకపోతే మొప్ప రేకు కోసేస్తుంది. చేప పట్టుకున్నాక నీళ్ళలోంచి పైకి ఎగిరి తల విదిలిస్తుంది. ఆ క్షణంలో దారం వదులైతే గాలం ఊడి వచ్చేస్తుంది. చేతితాడుతో పట్టేవాళ్ళు వేళ్ళకు గుడ్డ చుట్టుకుంటారు. చెన్నై నుంచి కార్లలో వచ్చేవాళ్ళు రాడ్లు, రీళ్ళు, ప్లాస్టిక్ చేపలు తెచ్చుకుంటారు. పండుగప్పకు రెండూ ఒకటే.

వాలై దీనికి పూర్తిగా వేరు. మా వాడి మాట ప్రకారం అది గాలాన్ని తాకిన సంగతే ఒక్కోసారి తెలియదు, తాడు కాస్త బరువెక్కినట్టు ఉంటుందంతే. ఈరీలో పడవను నెమ్మదిగా నడుపుతూ చేప బొమ్మలను వెనక లాగుతారు. చలికాలంలో మిన్నెసోటాలోనైతే సరస్సు గడ్డకట్టాక మంచు మీద చిన్న గుడిసె లాగి పెట్టుకుని, మంచుకు రంధ్రం తొలిచి, అందులోంచి గాలం దించుతారు. ఉప్పుటేరు గట్టున తువ్వాలు తలకు చుట్టుకుని కూర్చునే మనకు ఇది వినడానికే వణుకు.

ఆ మిన్నెసోటాలో మిల్ లాక్స్ అని ఒక సరస్సు ఉంది. విస్తీర్ణం సుమారు 530 చదరపు కిలోమీటర్లు, మన పులికాట్‌తో పోల్చదగినదే. ఆ సరస్సు కథ మనం తెలుసుకోవాల్సింది. అక్కడి ఆదివాసులు ఓజిబ్వేలు. వాలై కన్ను మెరుస్తుంది గనక రాత్రిపూట దివిటీ వెలుగులో ఈటెతో పొడిచి పట్టడం వాళ్ళ పాత పద్ధతి. 1837లో అమెరికా ప్రభుత్వంతో ఒడంబడిక చేసుకుని భూములు ఇచ్చేశారు, వేటాడే హక్కు మాత్రం ఉంచుకున్నారు. ఆ తర్వాత రాష్ట్రం ఆ హక్కును కాదంది. గొడవ కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 1999లో అమెరికా సుప్రీంకోర్టు ఓజిబ్వేల హక్కు చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి ఏటా చేపల లెక్క తీసి, రాష్ట్రానికి ఇంత, ఆదివాసులకు ఇంత అని పంచుకుంటున్నారు. 2015లో రాష్ట్రం వాటా దాటిపోవడంతో ఆగస్టు మొదట్లోనే సరదా గాలాలను ఆపేశారు. లాడ్జీలవాళ్ళు, పడవలవాళ్ళు గగ్గోలు పెట్టారు. అయినా ఆపారు.

ఇది వింటుంటే మన యానాదులు గుర్తుకురాక మానరు. పులికాట్ లోతు తక్కువ నీళ్ళలో చేత్తో తడిమి ఎండ్రకాయను, చేపను పట్టగలిగే నేర్పు వాళ్ళది. శ్రీహరికోటలో తరాలుగా బతికినవాళ్ళు వాళ్ళు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు, 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ లేచింది. దేశానికి గర్వకారణమే, నాకూ గర్వమే. కానీ ఏ నీళ్ళలో ఎవరు ఎంత పట్టుకోవచ్చు అన్న మాట యానాదులను కూర్చోబెట్టి అడిగి, కాగితం మీద రాసుకున్న ఒడంబడిక మనకు లేదు. 1976లో సరస్సును పక్షుల అభయారణ్యంగా ప్రకటించినప్పుడు పక్షుల హక్కు కాగితం మీదికి ఎక్కింది.

వేట నియమాలు పరాయి దేశపు సరుకు అనుకోనక్కర్లేదు. సరస్సు తమిళనాడు వైపు పల్లెల్లో "పాడు" అని ఒక కట్టుబాటు తరాలుగా ఉంది. రొయ్యలు బాగా పడే చోట్లు అందరికీ చాలవు గనక, ఏ రోజు ఎవరి వల ఎక్కడ వెయ్యాలో వంతులు వేసుకుంటారు. దాంట్లో బయటి కులాలకు చోటు లేదన్న విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శే. అయినా చేపలు పట్టేవాడే తన చేతికి తాను హద్దు గీసుకోవడం ఈ నీళ్ళకు కొత్త కాదు.

కొత్తగా కావలసింది రెండు రాష్ట్రాల మధ్య మాట. పులికాట్‌లో సరిహద్దు కోసం ఇటు మత్స్యకారులూ అటు మత్స్యకారులూ ఎన్నోసార్లు తలపడ్డారు, వలలు కోసుకున్నారు. చేపకు ఆ గీత తెలియదు. పళవేర్కాడు మొగలో లోపలికొచ్చిన పిల్ల సూళ్ళూరుపేట వైపు పెరిగి, తిరిగి అదే మొగలోంచి సముద్రానికి పోతుంది. ఈరీ సరస్సు సంగతి చూడండి. ఒక వైపు అమెరికాలోని నాలుగు రాష్ట్రాలు, ఇంకో వైపు కెనడాలోని ఒంటారియో. 1970లో ఆ సరస్సు వాలైలో పాదరసం బయటపడి వేట ఆపేయాల్సి వచ్చింది. ఇప్పుడు రెండు దేశాలకూ కలిపి ఉన్న సంఘం ఏటా కూర్చుని, ఈ ఏడు మొత్తం ఎన్ని వాలైలు పట్టవచ్చు, ఎవరి వాటా ఎంత అని తేలుస్తుంది. రెండు దేశాలు చెయ్యగలిగిన పని, ఒకే దేశంలో రెండు రాష్ట్రాలు చెయ్యలేవా?

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం మనకు ఉంది. మంచి నియమం. అది ఇంజన్ పడవలకు, సముద్రానికి. పులికాట్ పండుగప్పకు కావలసిన నియమం వేరే: మొగల దగ్గర పున్నమి, అమావాస్య పోట్ల రోజుల్లో వల అడ్డం కట్టకపోవడం, పెద్ద చేపను వదలడం.

ఇంతలో ఎవరైనా అడగొచ్చు, చెరువుల్లో పెంచుకుంటే సరిపోదా అని. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలకృషి సంస్థ, సిబా, 1997లో పండుగప్ప చేత హేచరీలో గుడ్లు పెట్టించింది. దేశంలో అదే మొదటిసారి. ఇప్పుడు కృష్ణా జిల్లా నాగాయలంక వైపు రైతులు దాన్ని చెరువుల్లో పెంచుతున్నారు. పిల్లల దశలో వారానికోసారి సైజుల వారీగా వేరు చెయ్యకపోతే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది, అదొక తలనొప్పి. తెల్లమచ్చ రోగంతో రొయ్యల చెరువులు పోగొట్టుకున్న మన నెల్లూరు రైతులకు ఇది మంచి ప్రత్యామ్నాయమే. కానీ చెరువులో పెరిగిన చేప సరస్సులో చేపకు బదులు కాదు. సరస్సులో చేప మీద బతికేది చెరువు లేనివాడు.

అందుకే నా మనవి రెండు రకాలవాళ్ళకు రెండు రకాలుగా. రోజు కూలి కోసం వల వేసే పట్టపు మత్స్యకారులను, యానాదులను అయిదు కిలోల చేపను వదిలెయ్యమని నేను అడగలేను, ఆ చేప వాళ్ళ ఇంట్లో వారం రోజుల బియ్యం. వాళ్ళ వలలో ప్రాణంతో పడ్డ తల్లిచేపను హేచరీల కోసం ప్రభుత్వం మంచి ధరకు కొనాలి, లేదా ఆ ధర చేతిలో పెట్టి చేపను నీళ్ళలోకి వదిలించాలి. మత్స్యశాఖకు ఇది పెద్ద ఖర్చు కాదు.

సరదాకు గాలం వేసే మిత్రులారా, మీకు మాత్రం నేరుగా చెబుతున్నాను. ఈసారి పులికాట్ వెళ్ళేటప్పుడు ఎరతోబాటు టేపు కూడా పట్టుకెళ్ళండి. రెండున్నర అడుగులు దాటిన పండుగప్ప పడితే నీళ్ళలోంచి పూర్తిగా ఎత్తకుండా, తడి చేత్తో పట్టుకుని, గాలం విప్పి, ఫోటో తీసుకుని వదిలెయ్యండి. పులుసుకు రెండు కిలోలది చాలు, రుచి కూడా దానిదే బాగుంటుంది.